తొలికోత చెయ్యి

కొడవలి అంచు మీద బొటనవేలు అడ్డంగా పోనిచ్చి చూసుకుని, పెద్దింటమ్మ మళ్ళీ రాతి మీద నీళ్ళు చిలకరించింది. పదును వచ్చేసింది. అయినా ఇంకా నూరుతూనే ఉంది. నూరడం అయ్యాక పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి, చింతపండు పిప్పితో కలిపి, కొడవలికి ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టించి తోమడం మొదలుపెట్టింది. ఇనుము చెక్కపిడిలోకి దిగే సందులో నల్లటి జిగురు ఏళ్ళ తరబడి గట్టిపడి ఉంది. దాన్ని చీపురుపుల్లతో గీకింది. కొంత వచ్చింది. కొంత రాలేదు.

పక్కింటి మంగాయమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతూ ఇటు చూసింది.

"ఏమే పెద్దింటీ, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు ఏంటా తోమడం? దాన్ని గాని అత్తారింటికి పంపుతున్నావా?"

"తుప్పు వదినా."

"తుప్పు దానికి కాదు, నీ బుర్రకి పట్టింది. పోయినేటి నుంచీ చూస్తన్నాను, ఇదే వరస."

పెద్దింటమ్మ తోముతూనే ఉంది. కొల్లేటి వైపు నుంచి మంచు ఇంకా విడిపోలేదు. పాకలో గేదె నిలబడి నెమరు వేస్తోంది. నెలలు నిండుతున్న గేదె. కడుపు ఒక పక్కకి జారి ఉంది గాని, తుంటి ఎముకలు మాత్రం చర్మాన్ని గుడారంలా పైకెత్తి పట్టాయి. పచ్చిమేత తిని చాలా రోజులైంది. వరిగడ్డి వేస్తే ముందు మూతితో అటూ ఇటూ నెట్టి, అడుగున ఏమైనా ఉందేమోనని వెతుక్కుని, ఏమీ లేదని తేలాక తింటుంది.

పెద్దింటమ్మ పొడుగు మనిషి. ఎండుకర్రలా ఉంటుంది. ఏళ్ళకేళ్ళు మోపులు మోయడంతో మెడ కాస్త ముందుకి వచ్చింది. ఆ సన్నటి ఒంటికి చేతులు మాత్రం ఆవిడవి కానట్టు ఉంటాయి. వెడల్పాటి అరచేతులు, మొద్దుగా ఉండే వేళ్ళు, గోళ్ళ చుట్టూ పగిలిన తోలు. ఆ పగుళ్ళలో ఎప్పుడూ పసరు రంగు. ఆ చేతుల్ని ఊళ్ళో చల్లని చేతులంటారు.

ఆ ఊళ్ళో పిల్లిపెసర తొలికోత ఎవరు పడితే వాళ్ళు మొదలుపెట్టరు. వరి పండి, కోతకి కొద్ది రోజులుందనగా చేలో నీళ్ళు తీసేసి, ఆ తడి మీద వరి మధ్యనే పిల్లిపెసర గింజలు, కాసిని జనుము గింజలు కలిపి చల్లుతారు. వరి కోసేసరికి దుబ్బుల మధ్య మొలక లేచి ఉంటుంది. ఆ తరవాత దానికి వాన అక్కర్లేదు, కాలవ అక్కర్లేదు. మంచు తాగి పెరుగుతుంది. మాఘమాసం వెళ్ళేసరికి తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, కాలు పెడితే నేల కనపడదు. దాన్ని కోసి ఎండబెట్టి, వామిలో ఒక వరస వరిగడ్డి, ఒక వరస పిల్లిపెసర వేసి తొక్కుతారు. ఏరువాక దాకా పశువు నోటికి రుచి అంటే అదే. కోసిన చోట మళ్ళీ చిగురేస్తుంది. ఆ రెండో చిగురు ఒత్తుగా రావాలంటే మొదటి పిడికెడు మంచి చెయ్యి కొయ్యాలి.

పెద్దింటమ్మది కొల్లేటి లంకలో చేపలు పట్టేవారి ఇల్లు. ముసలయ్యకి పెళ్ళామై ఈ ఊరొచ్చిన కొత్తలో హనుమంతరావుగారి తండ్రి చేలో కోతకి వెళ్ళింది. వలలు అల్లిన చేతులే గాని కొడవలి పట్టిన చేతులు కావు. నలుగురిలో నవ్వులపాలవుతానని, ఎవరికీ కనపడకుండా ఈశాన్యం మూల కూర్చుని తనే ముందు కోసుకుంది. ఆ ఏడు రెండో చిగురు పశువుల పొట్టలకి తగిలేటంత లేచింది. మరుసటేడు పెద్దాయన తనంతట తను కబురు పెట్టాడు. ఆ పై ఏడు ఇంకో నలుగురు రైతులు పిలిచారు. అలా అలవాటు ఆచారమై కూర్చుంది.

ముసలయ్య జ్వరంతో పోయాక కూడా ఆ ఆచారం పోలేదు. పెళ్ళివారు బయల్దేరుతుంటే ఆమె తలుపు చాటుకి తప్పుకునేది. నారుమడిలో మొదటి గింజ ఆమె ఎదురుగా చల్లేవారు కారు. పిల్లిపెసర తొలికోతకి మాత్రం ఇంటాయనా ఇల్లాలూ ఇద్దరూ కలిసి ఆమె గుమ్మంలోకొచ్చి పిలిచేవారు. మొదటి మోపు ఆమెది. ఊరందరి మొదటి మోపులూ కలిపితే ఆమె గేదెకి ఎండాకాలం వెళ్ళిపోయేది. మేత సంగతి అలా ఉంచితే, ఆ నెలలో ఆమె వీధిలో నడిచి వస్తుంటే ఎవరూ పక్కకి తప్పుకునేవారు కాదు. ఆ నెల కోసం ఆమె మిగతా ఏడాది ఉండేది.

హనుమంతరావుగారి చేను కాలవ గట్టు పక్కనే. కోత వరసలో ఎప్పుడూ అదే ముందు. ఆ తరవాత ఎవరి అంతస్తు ప్రకారం వాళ్ళు, చివరికి కౌలు రైతులు. ఈ ఏడు వరస అంటూ లేదు. చాలామంది చేలల్లో కోయడానికేమీ లేక పశువుల్నే మేతకి తోలేశారు. కొయ్యాల్సినవి రెండే మిగిలాయి. ఇదొకటి, కొల్లేటి అంచున సూర్రావు కౌలుచేను ఒకటి. రెండింటికీ మంచిరోజు ఈవేళే.

హనుమంతరావుగారు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. కోతకొచ్చిన ఆడవాళ్ళు పక్కగా కూర్చుని ఆమె కోసం చూస్తున్నారు.

"రావే తల్లీ రా," అన్నారాయన. "ఒకప్పుడు ఈ చేను వామి మా ఇంటి దూలం అందుకునేది. పోయినేడు నా నడుం దాకా వచ్చింది. ఈ ఏడు వామి వెయ్యాలో, దిండులో కుక్కుకోవాలో తెలీకుండా ఉంది."

ఆడవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి మానేశారు.

పెద్దింటమ్మ చేలోకి దిగింది. ఆకుపచ్చ అనదగ్గ ఆకు ఒక్కటి లేదు. ప్రతి ఆకు మీదా పసుపూ పచ్చా కలిపి ఎవరో చిలకరించినట్టు మచ్చలు. కొన్ని ఆకులు పూర్తిగా పసుపు. అంచులు లోపలికి ముడుచుకుని, ఈనెల మధ్య బొబ్బల్లా ఉబ్బి ఉన్నాయి. తీగ సాగలేదు. మొక్క కుదుళ్ళ దగ్గరే గిడసబారి కూర్చుంది. మధ్య మధ్య నిలబడ్డ జనుము కూడా చివర చిగురు కుచ్చులా ముడుచుకుని, పూత లేకుండా ఉంది. కాలి కింద వరి దుబ్బులు గుచ్చుకున్నాయి. మునుపు ఈ చేలో దుబ్బు కాలికి తగిలేది కాదు.

పల్లాకు తెగులు అన్నారు ఊరంతా. మంచు ఎక్కువై వచ్చిందన్నారు. చౌడు అన్నారు. దిష్టి అని కొందరు చేల మధ్య పాతచెప్పులు వేలాడదీశారు.

పోయినేడు హనుమంతరావుగారు అర్జీ పెట్టుకుంటే తాడేపల్లిగూడెం నుంచి వ్యవసాయశాఖ డిమాన్‌స్ట్రేటరుగారు వచ్చారు. ఏలూరులో రైలు దిగి, బండి మీద దుమ్ము కొట్టుకుని వచ్చారు. పశువులపాక నీడలో కుర్చీ వేస్తే కూర్చోకుండా ఆకులు తెప్పించుకుని, భూతద్దం పెట్టి చూశారు. పెద్దింటమ్మ అక్కడే పేడ ఎత్తుతోంది.

"ఇది పురుగూ కాదు, బూజూ కాదండీ," అన్నారాయన. "పొగాక్కి ఒక పల్లాకు వస్తుంది చూశారూ, ఆ జాతిది అయ్యుంటుంది. కంటికి కనపడదు. ఈ అద్దానికీ దొరకదు. రోగం ఉన్న మొక్క పసరు మంచి మొక్కకి తగిలితే చాలు, దీనికీ వస్తుంది. నేను రూఢిగా చెప్పలేను గాని, నాకు అలాగే తోస్తోంది."

"మందేంటండీ?" అని అడిగారు హనుమంతరావుగారు.

"మందు లేదండీ. రోగం పట్టిన మొక్కలు పీకి కాల్చెయ్యడమే."

"చేనంతా పట్టిందండీ."

ఆయన అద్దం జేబులో పెట్టుకుని, కాసేపు చేను వైపు చూశారు. మజ్జిగ తాగి బండెక్కారు. బండి కదిలే ముందు పెద్దింటమ్మ పేడతట్ట దింపి దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారండీ, కొడవలితో కూడా అంటుతుందాండీ?"

"అంటొచ్చమ్మా."

"చేత్తోనండీ?"

"పసరైన చేత్తో ముట్టుకుంటే, అదీ అంటొచ్చు."

ఆయన మామూలుగానే చెప్పారు. బండి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెద్దింటమ్మ ఒక్కర్తీ చేల గట్ల వెంట తిరిగి చూసింది. రెండో చిగురు అప్పుడే లేస్తోంది. ఏ చేలో చూసినా ఈశాన్యం మూల పసుపు ముదిరి ఉంది. అక్కణ్ణుంచి కోత సాగిన వైపు తగ్గుతూ వెళ్ళింది. తొలికోతకి ఆమె కూర్చున్న మూలలే అవన్నీ. హనుమంతరావుగారి చేను ముందు, తక్కినవి వెనక. ఆ వరసలోనే కొడవలి నడిచింది.

అప్పటినుంచే ఈ బూడిదా, చింతపండూ.

నిజం ఇదీ అని చెప్పేవాళ్ళు లేరు. కాదు అనేవాళ్ళూ లేరు. పది రోజులు లోపల లోపల నలిగి, ఒకసారి హనుమంతరావుగారితోనే అంది: "ఆ డిమాన్‌స్ట్రేటరుగారు కొడవలి సంగతి చెప్పారండీ అయ్యగారండీ..." ఆయన మధ్యలోనే ఆపేశారు. "మందు లేని వైద్యుడి మాట ఎవడు వింటాడే? నీ చెయ్యి ఉండబట్టి ఈమాత్రమన్నా వచ్చింది."

ఇప్పుడు కూడా ఆయన అదే అంటున్నారు. "నీ చెయ్యి పడితే రెండో చిగురుకైనా తేరుకుంటుందేమోనని నా ఆశ. కానియ్యి, కూర్చో."

ఆమె ఈశాన్యం మూల తూర్పు ముఖంగా కూర్చుంది. హనుమంతరావుగారి భార్య చెంబులోంచి కాసిని పాలు నేల మీద ఒలకబోసింది. పెద్దింటమ్మ పిడికెడు మొక్కల్ని ఎడంచేత్తో పట్టి కొడవలి వేసింది. పుల్లల్లా పటపటమన్నాయి. చేతికి పసరు మాత్రం ఎప్పటిలాగే అంటింది. చేను ఎండినా పసరుకి లోటు లేదు.

"చెయ్యి పడిందిరోయ్!" అని అరిచి ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆమె ఎక్కణ్ణుంచి మొదలుపెట్టిందో అక్కణ్ణుంచే వాళ్ళూ మొదలుపెట్టారు. చల్లని చేతి కొడవలికి తమ కొడవళ్ళు ఒకసారి తగిలించి మరీ మొదలుపెట్టారు. అదీ ఆచారమే. ఆమె కొడవలి పక్కకి లాక్కోబోయింది. ఒకామె నవ్వుతూ ఆమె మణికట్టు పట్టుకుని తన కొడవలి దానికి రాసింది. "పిసినారివి కాకే పెద్దింటమ్మక్కా, కాస్త మాకూ అంటనీ."

మోపు కట్టాక చూస్తే చంకలో పట్టేటంత ఉంది. మునుపు ఆ మోపు ఎత్తడానికి ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చేది.

మధ్యాహ్నం కాలవలో దిగి కుంకుడుకాయలు చితక్కొట్టి చేతులు రుద్దుకుంది. ఇసకతో రుద్దింది. గోళ్ళ సందులు తాటియీనెతో తీసుకుంది. చీర తడిపి పిండి ఆరేసి, ఇంకో చీర కట్టుకుంది. అరచేతి గీతల్లో ఆకుపచ్చ అలాగే ఉంది. అది ఈనాటిదో పాతదో తెలియదు. చెయ్యి ఎత్తి ఎండలో పట్టి చూసింది. ఎప్పటి చెయ్యే.

సూర్రావు చేలోకి వెళ్ళకూడదని ఆమె నిన్నటినుంచే అనుకుంటోంది.

సూర్రావుది ఊరికి దూరంగా, కొల్లేరు తీసిన బురదనేల. ఈ ఏడే కౌలుకి పట్టాడు. కార్తీకంలో కొల్లేరు పొంగి అతని వరి పొట్ట మీద ఉండగానే మునిగిపోయింది. గింజా దక్కలేదు, గడ్డీ కుళ్ళిపోయింది. నీరు తీశాక ఆ బురదలో పిల్లిపెసర చల్లాడు. అటువైపు ఎవరి కొడవలీ నడవలేదు, ఎవరి పశువూ తిరగలేదు. అది నల్లటి ఆకుతో లేచింది. సూర్రావుకి ఉన్నదంతా ఒక జత ఎడ్లు. గడ్డివామి లేదు. ఆ చేను ఒక కోతా, దాని మీద రెండో చిగురూ ఇస్తే ఎడ్లు ఏరువాక దాకా నిలబడతాయి. ఇవ్వకపోతే నిలబడవు. ఎడ్లు లేని కౌలుదారుకి మరుసటేడు ఎవరూ పొలం ఇవ్వరు.

ఇల్లు చేరి, పాక నీడలో చాప వేసుకుని దుప్పటి కప్పుకుంది. కాసేపటికి సూర్రావు, గంగారత్నం ఇద్దరూ వచ్చారు. సూర్రావు చేతిలో పసుపు రాసిన కొత్త కొడవలి ఉంది.

"పెద్దింటమ్మత్తా, పొద్దు వాలకుండా రావాలి," అన్నాడతను.

"ఒంట్లో బాలేదురా. నువ్వే మొదలెట్టుకో."

గంగారత్నం నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరమేం లేదత్తా. చల్లగానే ఉన్నావు."

పెద్దింటమ్మ లేచి కూర్చుంది. ఇక దాచడం అనవసరం అనిపించింది. "ఇలా వినండి ఇద్దరూ. పల్లాకు నా చేత్తోనే వస్తోంది. నేను కోసిన చోటల్లా వచ్చింది. ఆ తాడేపల్లిగూడెం బాబుగారు చెప్పేరు, పసరు చేతికంటితే అంటుతాదని. మీ చేనొక్కటే బాగుంది. నన్ను అందులో దిగనియ్యకండి."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగారత్నం ముందు నవ్వింది.

"నీ చేత్తో వచ్చిందా! బాగుంది. ముద్దపెట్టే చేతికి విషం ఉందంటే నమ్ముతారా ఎవరన్నా?"

"నేను చెప్తుంటే వినవేంటే."

"అది కాదత్తా," అన్నాడు సూర్రావు. "పొద్దున్న హనుమంతరావుగారి చేలో కోసేవు కదా. అక్కడ అడ్డురాని పల్లాకు మా చేలో ఎలా అడ్డొస్తాది? పెద్దోళ్ళ చేలో కోసి, కౌలోళ్ళ చేలో కోయనంటే ఊళ్ళో మాకేం మర్యాద ఉంటాది? నీకు మామీద కోపం ఏంటో చెప్పు."

"కోపం కాదురా నాయనా."

"మరేంటి? మునిగినోడి చేలో చెయ్యి పెడితే నీ చలవ తగ్గుతాదనా?"

గంగారత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చల్లని చెయ్యి కాదంటే అంతకంటే కీడు ఇంకేముంది? అదే మాట ఆమె మొహం మీద కనపడింది. పెద్దింటమ్మకి ఆ మొహం తెలుసు. ముసలయ్య పోయిన ఏడు, మళ్ళీ తొలికోతకి పిలుస్తారో లేదోనని గుమ్మంలో కూర్చున్నప్పుడు తన మొహం అలాగే ఉండి ఉంటుంది.

"వస్తాను," అంది. "కొయ్యను. గట్టు మీద నిలబడతాను. ఆ కొత్త కొడవలితో నువ్వే కోసుకో. దాన్ని నా చేతికియ్యకు."

"నిలబడినా చాలత్తా," అన్నాడు సూర్రావు.

ముగ్గురూ చేలకి అడ్డంపడి నడిచారు. కొల్లేరు దగ్గరపడేకొద్దీ నేల నల్లబడింది. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీంచి లేచి మళ్ళీ వాలాయి. చేను కనపడగానే పెద్దింటమ్మ ఆగిపోయింది. ఇలాంటి చేను చూసి మూడేళ్ళయింది. తీగ మీద తీగ పడి అలలా ఉంది. ఒక్క మచ్చ లేదు. చిన్న చిన్న పసుపుపచ్చ పూలు ఆకుల్లోంచి తొంగిచూస్తున్నాయి. గాలికి ఆకు తిరగబడితే అడుగువైపు కూడా పచ్చగా ఉంది. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి ఆమెకి గేదె గుర్తొచ్చింది.

గట్టు మీదే నిలబడింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, చీరచెంగు వాటికి చుట్టుకుంది. సూర్రావు ఈశాన్యం మూల కూర్చుని కొత్త కొడవలితో పిడికెడు కోశాడు. కోసి వెనక్కి తిరిగి చూశాడు. వెలితి ఉన్నట్టు చూశాడు.

గంగారత్నం గట్టెక్కి వచ్చింది. "అత్తా, ఒక్కసారి."

"వద్దే."

"కొయ్యకపోతే మానె. ఊరికే ముట్టుకో." అంటూనే పెద్దింటమ్మ వెనక్కి పెట్టుకున్న కుడిచెయ్యి ముందుకి లాగింది. గంగారత్నం పిల్ల కాదు, కోడెల్ని పట్టి నిలిపే మనిషి. పెద్దింటమ్మ వెనక్కి లాక్కోబోయి గట్టు మీంచి జారి, ఒక మోకాలి మీద చేలోకి వాలింది. గంగారత్నం రెండు చేతుల్తో ఆ అరచేతిని పట్టుకుని, పసిబిడ్డ తల నిమిరించినట్టు, మొక్కల మీద అటు నుంచి ఇటు నిమిరించింది. కోసిన మోళ్ళ మీదా నిమిరించింది. లేతఆకులు అరచేతికి చల్లగా తగిలాయి. మోళ్ళ చివర ఊరిన పసరు వేళ్ళకంటింది.

"ఇంక చాలు. ఇంక మా ఎడ్లకి దిగుల్లేదు," అంది గంగారత్నం. మొహం విప్పారిపోయింది. సూర్రావు నవ్వుతూ కొడవలి వేస్తున్నాడు. ఆమె చెయ్యి తగిలిన చోటినుంచే కోసుకుపోతున్నాడు.

"ఆ మూల కొయ్యకురా," అంది పెద్దింటమ్మ. "ఆ మొక్కలు పీకెయ్యి. కొడవలి కడుక్కో."

"అలాగే అత్తా అలాగే," అన్నాడు సూర్రావు, కోస్తూనే.

ఆమె మోకాలికంటిన బురద తుడుచుకోకుండా లేచింది. కడిగిన చెయ్యే. అందులో ఏదీ మిగల్లేదేమో. మిగిలిందేమో. ఆ చెయ్యికే తెలియదు. తన మాట ఇంక ఎవరికి చెప్పాలి? ఎవరికి చెప్పినా అణకువ అనుకుంటారు, కాకపోతే కోపం అనుకుంటారు. మరుసటేడు మళ్ళీ గుమ్మంలోకి వస్తారు. తెగులు ఎంత ముదిరితే అంతగా వస్తారు. రానని నోటితో చెప్పేది, వాళ్ళ మొహాలు చూసి వెళ్ళేది. తన సంగతి తనకి తెలుసు.

మొదటి మోపు కట్టి ఇస్తుంటే ఎత్తుకోలేదు. "రేపు తెస్తాంలే అత్తా, నువ్వు మొయ్యకు," అని గంగారత్నం వెనకనుంచి కేక వేసింది.

ఇంటికొచ్చి ఇంకో చీర, కంచం, దుప్పటి మూట కట్టింది. లంకలో తుంగ కొయ్యడానికి పనికొస్తుందని కొడవలి గుడ్డలో చుట్టి అందులోనే పెట్టింది. గేదె పలుపు విప్పింది. మంగాయమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఎక్కడికే ఈ పొద్దప్పుడు?"

"మా తమ్ముడింటికి వదినా. లంకకి."

"చుట్టపుచూపుకి గేదెని కూడా తోలుకెళ్ళేవాళ్ళని నిన్నే చూశాను. మీ తమ్ముడు గేదెకి చీర పెడతాడనా?"

"అక్కడ తుంగ ఉంటాది. మేస్తాది. ఈనేదాకా ఉండనీ."

"ఈనేక జున్ను పట్టుకురా మరి."

"ఊఁ," అంది పెద్దింటమ్మ. తడిక దగ్గరికి లాగి తాడు ముడి వేసింది. ఆ లంకలో చేలు లేవు. చేపలూ, తుంగా, నీళ్ళూ. చల్లని చెయ్యి అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. ఈ ఊళ్ళో ఆ ఒక్క నెలలో ఆమె ఉన్నట్టుగా, అక్కడ ఏ నెలలోనూ ఉండదు. ముసలి ఆడపడుచు ఒకర్తి వచ్చి తమ్ముడి పంచన పడిందనుకుంటారు.

రేవులో లంకకి పోయే దోనె ఒకటి బయల్దేరబోతోంది. దోనెవాడు గేదెని చూసి తల గోక్కున్నాడు.

"దానిక్కూడా కేవు డబ్బులు ఇస్తావా అమ్మా?"

"అది ఈదుకుంటా వస్తాది బాబూ. దానికి కేవేంటి?"

"చూడిగేదె ఈదుతాదా?"

"నీళ్ళు తగ్గేయిగా. సగం దాకా నడుస్తాది."

దోనె కదిలింది. పెద్దింటమ్మ వెనక చివర కూర్చుని పలుపు చేత్తో పట్టుకుంది. గేదె గట్టు మీద కాసేపు మొండికేసి, ఊరి వైపు ఒకసారి తల తిప్పి, తరవాత నీళ్ళలోకి దిగింది. నాచుని చీల్చుకుంటూ దోనె వెనకే నడిచింది. లోతు వచ్చాక కాళ్ళు వదిలి, మూతి పైకెత్తి ఈదడం మొదలుపెట్టింది. పెద్దింటమ్మ రెండో చెయ్యి దోనె అంచు మీంచి నీళ్ళలో పెట్టి ఉంచింది. లంక చేరేదాకా తియ్యలేదు. రేవులోంచి చూసేవాళ్ళకి రెల్లు మలుపు తిరిగాక దోనె కనపడలేదు. గేదె తల కూడా కనపడలేదు.

మరునాడు గంగారత్నం మోపు నెత్తిన పెట్టుకొచ్చి, తడిక కట్టేసి ఉండడం చూసి, పిలిచి పిలిచి, మోపు దారిలో ఎదురైన ఆవుకి వేసి వెళ్ళింది.

సూర్రావు చేలో రెండో చిగురు బాగానే లేచింది. జానెడు ఎత్తయ్యాక ఈశాన్యం మూల ఆకుల మీద పసుపు కనపడింది. అక్కణ్ణుంచి కోత సాగిన వైపు నడిచింది. ఎండలు ముదిరేసరికి చేనంతా గిడసబారింది. ఎడ్లు ఏరువాకకి నిలబడలేదు. చల్లని చెయ్యి అలిగి వెళ్ళిపోయింది, చలవ కూడా తీసుకుపోయింది అన్నారు ఊళ్ళో. ఆ చెయ్యి ఆఖరున నిమిరింది కాబట్టే ఆ నాలుగు మోపులన్నా వచ్చాయని గంగారత్నం అందరితోనూ వాదించింది. లంకకి కబురు పంపారు. పెద్దింటమ్మ రాలేదు.

ఆ వీధిలో ఆడవాళ్ళకి ఓ అలవాటుండేది. వాళ్ళ ఇళ్ళల్లో బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ, తవుడూ పెద్దింటమ్మ పాక బయట మట్టిలో సగం పాతిన కుడితిగోలెంలో పోసి పోయేవారు. చేతులు అటే వెళ్ళేవి. ఆమె వెళ్ళిన మరునాడు మంగాయమ్మ కూడా అలాగే తపేలా తెచ్చి వంచేసి, వంచాక పాక వైపు చూసి నిలబడిపోయింది. ఇంకో ఇద్దరు చూసుకోకుండా పోశారు. గోలెం అంచుల దాకా నిండింది. తవుడు అడుక్కి దిగి పైన తేట నీరు నిలిచింది. మూతి పెట్టడానికి ఏ పశువూ రాక, ఆ నీరు పొద్దెక్కేదాకా చిన్న కదలిక కూడా లేకుండా అలాగే ఉంది.